యువకుల మనోనిబ్బరమును కొలుచుట – వృత్తులకు దానితోగల సంబంధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పదవ తరగతి ఫలితములు వెలువడిన దినము మొదలు బడులు తెరచువరకు ప్రతి యింటను ఒకటే చర్చ. పిల్లవానిని ఏ చదువునకు పంపవలెను? ఆ చదువు ఏ కొలువునకు దారితీయును? ఈ చర్చలో ఇంతకాలము మార్కుల పట్టిక యొక్కటే సాక్షిగా నిలుచుచుండెను. ఇటీవల రెండవ సాక్షి యొకటి బోనెక్కినది. మీ పిల్లవాని భావోద్వేగ ప్రజ్ఞ యెంతయో కొలిచి, వాడు ఏ వృత్తికి తగునో చెప్పుదుమని కొన్ని సంస్థలు రుసుము పుచ్చుకొని ప్రశ్నపత్రముల నిచ్చుచున్నవి. సెల్‌ఫోనుపై పావుగంట వ్రేలాడించినచో ఒక అంకె వచ్చును. ఆ అంకెను చూచి తండ్రి పొంగిపోవుటయో, క్రుంగిపోవుటయో జరుగుచున్నది. కొడుకు మీదనో కూతురి మీదనో ఆ అంకె ముద్రవలె పడుచున్నది. దానికి ఎంత విలువ నీయదగునో విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

తన మనస్సులో పుట్టు కోపమును, భయమును, ఆశను, దుఃఖమును తాను గుర్తించుట. ఎదుటివాని ముఖమునుండియు మాటనుండియు వాని మనస్సును గ్రహించుట. ఆ భావము లెందువలన పుట్టెనో, ఎచ్చటికి పోవునో తెలియుట. తెలిసి వానిని పగ్గములు పట్టి నడుపుట – ఈ శక్తుల కన్నిటికిని కలిపి ఇంగ్లీషువారు ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ అని పేరు పెట్టిరి. భావోద్వేగ ప్రజ్ఞ యని తెనుగు చేసికొన్నారు. ఊరివాడుకలో ‘మనసెరిగి మసలుకొనుట’, ‘నిబ్బరము’ అను రెండు మాటలు చేరినచో దాదాపు ఇదియే యగును. పేరు కొత్తది, వస్తువు మిక్కిలి పాతది. ఇంక, దానిని పరీక్షించి ఉద్యోగము లిచ్చు పద్ధతియు పాతదే యని చెప్పినచో కొందరు నమ్మకపోవచ్చును. నమ్మనివారికి కౌటిల్యుని అర్థశాస్త్రములోని మొదటి అధికరణమున పదవ అధ్యాయము చూపవలసియుండును.

అర్థశాస్త్రము పేరు తెలిసియు పుస్తకము కంటబడక యుండిన కాలము చాల గడచెను. 1905వ సంవత్సరమున తంజావూరు ప్రాంతపు పండితు డొకడు మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు తాళపత్రముల కట్ట నొకదానిని తెచ్చి ఒప్పగించెను. గ్రంథాలయములో ఉద్యోగిగా నుండిన ఆర్. శామశాస్త్రిగారు దానిని విప్పి చదివి, అది కౌటిలీయమని గుర్తించి, 1909లో అచ్చువేయించిరి. ఇచ్చినవాని పేరైన లోకమునకు సరిగా తెలియదు. గ్రంథాలయోత్సవమున ఈ మాట తలచుకొనుట అసందర్భము కాదు.

ఆ అధ్యాయములో అమాత్యులను పరీక్షించు నాలుగు ఉపాయములు చెప్పబడినవి. వానికి ‘ఉపధ’లని పేరు. మొదటిది ధర్మోపధ. చేయరాని యజ్ఞము చేయింపుమని రాజు పురోహితుని ఆజ్ఞాపించును, ఆతడు కాదనును, రాజు ఆతనిని పదవినుండి తొలగించును. ఇదంతయు ముందే కూడబలుకుకొన్న నాటకము. తొలగింపబడిన పురోహితుడు గూఢచారుల ద్వారమున ఒక్కొక్క అమాత్యుని కడకు కబురంపి, ఈ రాజు అధర్మపరుడు, ధర్మాత్ముడగు మరియొకని నిలుపుదము, అందరును ఒప్పుకొన్నారు, నీ మాట యేమని యడిగించును. రెండవది అర్థోపధ. అదే తీరున పదవి పోయిన సేనాపతి ధనాశ చూపును. మూడవది కామోపధ. అంతఃపురములో చనువుగల సన్యాసిని యొకతె, పట్టపురాణి నీపై మనసుపడినదని అమాత్యుని చెవిలో వేయును. నాలుగవది భయోపధ. ఒక వేడుకకు అమాత్యులందరు చేరగా, రాజు భయపడినట్లు నటించి వారిని చెరలో వేయించును. అంతకు ముందే చెరలోనున్న కపట విద్యార్థి యొకడు వారిలో ఒక్కొక్కని చేరి, ఈ రాజును చంపి మరియొకని నిలుపుదమని రెచ్చగొట్టును.

ధర్మము పేరిట కదలనివారు న్యాయస్థానములకు, దుష్టులను శిక్షించు పనులకు తగినవారు. ధనమునకు లొంగనివారు పన్నుల వసూలునకు, బొక్కసమునకు తగినవారు. కామమునకు లొంగనివారికి విహారస్థలముల కావలి. భయమునకు లొంగనివారికి రాజు చెంతనే యుండు పనులు. నాలుగింటను నిలిచినవాడు మంత్రి. నాలుగింటను పడిపోయినవారిని సైతము కౌటిల్యుడు వెళ్ళగొట్టలేదు. గనులకును, ఏనుగుల అడవులకును, కార్ఖానాలకును పంపెను. (ఏనుగుల అభిప్రాయము అడిగినట్లు కనబడదు.)

ఈ పద్ధతిలో దృష్టి నిలుపదగిన విశేషము లున్నవి. ఒకే కొలతతో అందరిని కొలిచి ఒకే అంకె వేయుట ఇందులో లేదు. ధనమునకు కదలనివాడు భయమునకు కదలవచ్చును. వాడు బొక్కసమునకు పనికివచ్చును, అంగరక్షణకు రాడు. ఏ పనిలో ఏ బలహీనత అపాయకరమో, ఆ పనికి ఆ బలహీనతనే పరీక్షించవలెను. మరియు నీవు ధనాశాపరుడవా యని ఎవ్వరిని ప్రశ్నించలేదు. ధనమును ఎదుట నిలిపి చూచిరి. అన్నిటికంటె గొప్పది అధ్యాయము చివరనున్న హెచ్చరిక. పూర్వాచార్యుల పద్ధతిని వివరించిన పిదప కౌటిల్యుడు తన మతమును వేరుగా చెప్పెను: రాజును గాని రాణిని గాని ఇట్టి పరీక్షలకు గురిగా పెట్టరాదు, మంచినీటిలో విషము కలిపినట్లు, చెడనివానిని పరీక్ష పేరిట చెరుపరాదు, ఒకసారి కలగిన మనస్సు మరల తేరుకొనకపోవచ్చును. పరీక్షయే పరీక్షింపబడినవానిని మార్చివేయుననెడి యీ ఎరుక, నేటి ప్రశ్నపత్రములు అమ్మువారిలో అంతగా కానరాదు.

మైసూరులో ఆ తాళపత్రములు వెలుగుచూచిన 1905లోనే ప్యారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమన్ అను నిరువురు బుద్ధిని కొలుచు మొదటి సాధనమును ప్రకటించిరి. బడిలో వెనుకబడిన పిల్లలను గుర్తించి, వారికి వేరుగా సాయము చేయుటకే బినే దానిని సిద్ధపరచెను. బుద్ధి పుట్టుకతో గీసిన గీత కాదనియు, సాధనచే పెరుగుననియు ఆతని నమ్మకము. 1911లో ఆతడు గతించెను. మరుసటి యేడు జర్మనీలో విల్లియమ్ స్టెర్న్ మానసిక వయస్సును శరీర వయస్సుతో భాగించి ఒక్క అంకెగా చెప్పవచ్చుననెను. 1916లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు లూయీ టెర్మన్ ఆ యంకెను ప్రజ్ఞాలబ్ధిగా వాడుకలోనికి తెచ్చెను. వెనుకబడినవానికి చేయూతనిచ్చుటకు పుట్టిన కొలత ముందున్నవానిని ఏరుటకు మారినది. కొలతల చరిత్రలో ఇది తరచుగా జరుగు వింత.

టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో సుమారు 1,500 మంది మిక్కిలి తెలివిగల పిల్లలను ఏరి, వారు పెరిగి పెద్దవారై ఏమగుదురో చూచుటకు పూనుకొనెను. ఆ యేరికలో పరీక్షింపబడి, చాలినంత అంకె రాక విడువబడిన బాలురలో విలియమ్ షాక్లీ, లూయీ ఆల్వరెజ్ అను నిద్దరు కలరు. మొదటివానికి 1956లోను, రెండవవానికి 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఏరబడినవారిలో ఒక్కరికిని ఆ బహుమానము రాలేదు. అయినను టెర్మన్ నిజాయితీపరుడు. ఏరిన పురుషులలో జీవితమున మిక్కిలి రాణించిన 150 మందిని, అంతగా రాణించని 150 మందిని ప్రక్కప్రక్కన నిలిపి చూచి, బుద్ధిలో వారికి చెప్పదగిన భేదము లేదని తానే వ్రాసెను. భేదము పట్టుదలలో, ఒక లక్ష్యమునకు కట్టుబడుటలో, ఆత్మవిశ్వాసములో, తాను తక్కువవాడనను కుంగుబాటు లేకుండుటలో కనబడెను. రాణించినవారి తండ్రులు ఎక్కువ చదువుకొన్నవారనియు ఆతడే వ్రాసెను. ఈ రెండవ మాటను చాలమంది చదువకుండ దాటిపోవుదురు.

బుద్ధి కాక మరియొకటి యేదో యున్నదని దీనివలన తేలినది. 1920లోనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ‘సాంఘిక ప్రజ్ఞ’ అనుమాట వాడియుండెను. 1990లో పీటర్ శాలొవీ, జాన్ మేయర్ అను పండితులు భావోద్వేగ ప్రజ్ఞ యను పేరుతో శాస్త్రీయమైన వ్యాసము ప్రకటించిరి. 1995లో డేనియల్ గోల్‌మన్ అను పత్రికారచయిత అదే పేరుతో పుస్తకము వ్రాయగా అది లోకమంతట అమ్ముడుపోయెను. జీవిత విజయములో బుద్ధి వంతు నూటికి ఇరువది మించదనియు, తక్కిన ఎనుబది ఇతర కారణములదనియు అందు కలదు. చదివినవారు ఆ ఎనుబదిని భావోద్వేగ ప్రజ్ఞ ఖాతాలో జమకట్టివేసిరి. లెక్క వ్రాయుట తెలిసినవాడు చిల్లర పద్దులనన్నిటిని ఒకే పేర వ్రాయడు. ఆ ఎనుబదిలో తండ్రి ఆస్తి యున్నది, ఊరిలో బడి యుండుటయు లేకుండుటయు నున్నవి, ఆరోగ్యమున్నది, అదృష్టమును ఉన్నది.

ఇంక కొలుచు తీరును చూడవలెను. ఇప్పుడు మూడు మార్గములు వాడుకలో నున్నవి. నీ గుణము నీవే చెప్పుమని అడుగుట మొదటిది. రూవెన్ బార్-ఆన్ అను నాతడు 1997లో 133 వాక్యములతో ఇట్టి పత్రమును ప్రకటించెను. ఏడు మొదలు పదునెనిమిదేండ్లవారి కొరకు 2000లో 60 వాక్యములతో మరియొకటి వచ్చెను. ‘కోపము వచ్చినను అణచుకొందును’ వంటి వాక్యము తనకు ఎంతవరకు వర్తించునో గుర్తు పెట్టవలెను. రైతును పిలిచి నీ పొలమెంత, పంటయెంత యని యడిగి, ఆతడు చెప్పినదే అడంగలులో వ్రాసికొనుట వంటి దిది. తన మనస్సు తనకు బాగుగా తెలిసిన బిడ్డ తన లోపమును ఒప్పుకొని తక్కువ అంకె తెచ్చుకొనును. ఏమియు తెలియని బిడ్డ ఎక్కువ తెచ్చుకొనును. కొలువు కొరకు వచ్చినవాడు ఏ గుర్తు పెట్టిన లాభమో ఎరిగియే పెట్టును. ఉచితముగను, చౌకగను దొరకు పరీక్షలలో పెక్కు ఈ తెగకు చెందినవే యనుట సాహసము కాదు.

ఎదుట పనిపెట్టి చూచుట రెండవ మార్గము. శాలొవీ, మేయర్, కరూసో అను ముగ్గురు 2002లో ప్రకటించిన పరీక్షలో 141 ప్రశ్నలున్నవి. ఒక ముఖచిత్రము చూపి ఇందులో భయమెంత, దుఃఖమెంత యందురు. ఒక కథ చెప్పి, ఈ స్థితిలో ఏమి చేసినచో మనస్సు కుదుటపడునో చెప్పుమందురు. నటించుట కష్టము గనుక ఇది మొదటిదానికంటె మేలు. కాని సరియైన సమాధాన మేదో నిర్ణయించున దెవరు? లెక్కల పరీక్షలో వలె ఇచ్చట ఒకే జవాబు లేదు. వేలాదిమంది జవాబులలో ఎక్కువమంది చెప్పినదో, లేక 21 మంది నిపుణులు చెప్పినదో సరియని పెట్టుకొన్నారు. ఎక్కువమంది యన ఏ దేశపు ఎక్కువమంది యని అడుగక తప్పదు. తెలుగింటి పిల్ల పెద్దల యెదుట కన్నులు వాల్చినచో అది మర్యాద. వేరొక దేశపు కొలతలో అది బెదురుగానో, దాపరికముగానో లెక్కకు రావచ్చును. భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది స్థాయిభావములను, ముప్పదిమూడు సంచారిభావములను, ఎనిమిది సాత్త్వికభావములను, మొత్తము నలువదితొమ్మిదిని లెక్కించెను. కన్నీరు, గగుర్పాటు, వెలవెలపోవుట, గొంతు పూడిపోవుట సాత్త్వికములు. మనస్సు దానిలో లీనమైననే గాని పైపై నటనచే అవి పుట్టవని శాస్త్రము. ముఖమును చదువుటలో మనవారి కంత సూక్ష్మదృష్టి కలదు. అయినను ఆ నలువదితొమ్మిదింటికి మార్కులు వేసి నటునకు జీతము నిర్ణయింపలేదు.

బిడ్డను ప్రతిదినము చూచువారిని అడుగుట మూడవ మార్గము. అమెరికాలో ఇట్టి పరిశోధన యొకటి జరిగినది. బడిలో చేరిన చిన్నపిల్లలను గూర్చి, వీరు తోటివారితో వస్తువులు పంచుకొందురా, తగవులు తీర్చుకొందురా, ఇతరుల మాట విందురా యని పంతుళ్లను అడిగి వ్రాసికొనిరి. సుమారు 750 మంది పిల్లలను పదమూడు మొదలు పందొమ్మిదేండ్ల తరువాత మరల చూచి, 2015లో ఫలితములు ప్రకటించిరి. పంతులు వేసిన మార్కులలో ఒక్క మెట్టు పైనున్నవారు డిగ్రీ పొందు అవకాశము రెట్టింపుగను, ఇరువదియైదేండ్లకు పూర్తికాలపు ఉద్యోగములో నుండు అవకాశము నూటికి నలువదియారు వంతు లెక్కువగను ఉండెను. ఖరీదైన యంత్రము లేదు, ఫోను లేదు; పిల్లలను చూచు పంతులి కన్నొక్కటే. ఈ ఫలితము చదివినప్పుడు, ఒకే పంతులు అయిదు తరగతులు చూడవలసిన బడులలో ఆ కన్నునకు తీరిక యెక్కడిదను సంశయము కలుగకపోదు.

వృత్తులతో సంబంధమును గూర్చి అన్నిటికంటె గట్టి సాక్ష్యము స్వీడను దేశమునుండి వచ్చినది. అచ్చట వెనుక యువకులందరు పదునెనిమిది, పందొమ్మిదేండ్లకు సైన్యపు పరీక్షకు హాజరు కావలసియుండెను. బుద్ధి పరీక్ష జరిగిన పిదప మనశ్శాస్త్రజ్ఞు డొకడు ప్రతి యువకునితో సుమారు ఇరువదియైదు నిమిషములు ఏకాంతముగా మాటలాడును. బడి మార్కులు, ముందు వ్రాసియిచ్చిన జవాబులు ఆతని చేతిలో నుండును. ఒత్తిడిలో నిలుచునా, బాధ్యత వహించునా, పదిమందితో కలియునా యని తూచి, ఒకటి మొదలు తొమ్మిదివరకు ఒక అంకె వేయును. వారు పెద్దవారై సంపాదనలో పడిన పిమ్మట లిండ్‌క్విస్ట్, వెస్ట్‌మన్ అను అర్థశాస్త్రజ్ఞులు ఆ పాత అంకెలను జీతములతో సరిపోల్చి 2011లో ప్రకటించిరి. పనిలేక తిరిగినవారిలోను, అట్టడుగు సంపాదనవారిలోను కొరవడినది బుద్ధికంటె ఈ రెండవ గుణమే యని తేలెను. నిపుణత కోరు ఉద్యోగములలో మాత్రము బుద్ధికి తగిన ప్రతిఫలము తప్పక లభించెను. అనగా బుద్ధి మేడపైకి ఎక్కించు నిచ్చెనయైనచో, నిబ్బరము క్రింద పడకుండ పట్టుకొను త్రాడు వంటిది.

అన్ని వృత్తులకును ఇది సమానముగా పనికివచ్చునా? రాదు. 2010లో జోసెఫ్, న్యూమన్ అనువారు అంతవరకు జరిగిన పరిశోధనలనన్నిటిని ఒకచోట చేర్చి చూచిరి. పరుల మనస్సుతో వ్యవహరించు వృత్తులలో భావోద్వేగ ప్రజ్ఞ పనితీరును పెంచుచున్నది. అట్టి అవసరము లేని వృత్తులలో దాని ప్రభావము శూన్యము, ఒక్కొక్కచో కొంచెము ప్రతికూలము కూడ. ఆస్పత్రి నర్సు, బస్సు కండక్టరు, అంగన్‌వాడీ కార్యకర్త, బ్యాంకు గుమాస్తా, పోలీసు – వీరికి జీతము చేతిపనికి మాత్రమే కాదు, ముఖములో చూపవలసిన ఓర్పునకు కూడ. ఆర్లీ హోక్‌షీల్డ్ అను సాంఘిక శాస్త్రజ్ఞురాలు 1983లో దీనికి ‘భావశ్రమ’ అనదగిన పేరు పెట్టెను. విమానములో పరిచారిక చిరునవ్వును, బాకీ వసూలుదారు కరుకుదనమును ఉద్యోగములో భాగముగా ధరించవలెననియు, దినమెల్ల అట్లు ధరించిన ముఖము ఇంటికి వచ్చిన పిదపను ఊడదనియు ఆమె చూపెను. పద్దులు సరిచూచువానికిని, యంత్రము బిగించువానికిని, వంద గదుల పట్టికలో ఒక తప్పును వెదకి పట్టువానికిని ఇది అంతగా అక్కరలేదు. మాటకారి కాని పిల్లవానిని చూచి వీనికి భావోద్వేగ ప్రజ్ఞ తక్కువ, వీడు దేనికిని పనికిరాడనుట అన్యాయమని ఇందువలన స్పష్టము.

మన దేశములోను ఈ కొలత ఉద్యోగద్వారములకడ చాలకాలముగా నిలిచియున్నది. సైన్యాధికారులను ఎన్నుకొను సర్వీసెస్ సెలెక్షన్ బోర్డులో అయిదు దినములు పరీక్ష జరుగును. అరువది మాటలు ఒక్కొక్కటి పదునైదు సెకనులు చూపి, తోచినది వ్రాయుమందురు. అరువది చిక్కుపరిస్థితులు అరగంటలో చదివి ఏమి చేయుదువో వ్రాయుమందురు. మనశ్శాస్త్రజ్ఞుడు వ్రాతలో, ప్రశ్నించు అధికారి మాటలో, మైదానమున మూడవవాడు చేతలో – ముగ్గురు వేర్వేరుగా చూచి, చివర కలిసికొని సరిపోల్చుకొందురు. మనసా వాచా కర్మణా అను పెద్దల మాట ఇచ్చట నియమావళి యైనది. ఇది శ్రమతోను, ఖర్చుతోను కూడిన పద్ధతి. పావుగంట ఫోను పరీక్షకును దీనికిని పోలిక లేదు. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారు సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో 2013నుండి నీతిశాస్త్రపు పత్రము నొకదానిని 250 మార్కులకు చేర్చిరి. దాని పాఠ్యాంశములలో భావోద్వేగ ప్రజ్ఞ పేరు కలదు. శుభమే. కాని నిర్వచనము కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనుట గట్టున కూర్చుండి ఈత నేర్చుటవంటిది. దానిని నేర్పు కోచింగ్ కేంద్రములు వెలసినవనిన, పరీక్షించినది నిబ్బరమునో జ్ఞాపకశక్తినో ఆలోచించుకొనవలెను.

ఇక బీదరికమును గూర్చి. 1960ల చివర స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అను ఆచార్యుడు నాలుగైదేండ్ల పిల్లల ముందు ఒక మిఠాయి నుంచి, తాను తిరిగి వచ్చువరకు తినకయుండినచో రెండిత్తునని చెప్పి వెడలుచుండెను. ఓపికపట్టిన పిల్లలు పెద్దవారై చదువులలో ముందుండిరని 1990లో ప్రకటించిరి. ఈ కథ లోకమంతట ప్రాకినది. ఉపన్యాసములలో, పత్రికలలో, బడి వార్షికోత్సవములలో వినని చెవి లేదు. ఆ పిల్లలలో పెక్కురు విశ్వవిద్యాలయ పరిసరములవారి బిడ్డలని మాత్రము చెప్పువా రరుదు. 2018లో వాట్స్ మొదలగువారు అన్ని తరగతుల యిండ్ల పిల్లలను తొమ్మిదివందలకు పైగా తీసికొని చూడగా, ఇంటి పరిస్థితులను లెక్కలోనికి తీసికొన్నచో ఆ సంబంధము చాలవరకు కరగిపోయినది. 2013లో మరియొక చక్కని ప్రయోగము జరిగెను. కొందరు పిల్లలకు ముందుగా రంగుబలపములు తెచ్చియిత్తునని చెప్పి తెచ్చియిచ్చిరి. కొందరికి చెప్పి తేలేదు. ఆ పిమ్మట మిఠాయి పరీక్ష పెట్టగా, మాట నిలిచినచోట పిల్లలు సగటున పన్నెండు నిమిషములు ఓపికపట్టిరి, మాట తప్పినచోట మూడే నిమిషములు. రేపు దొరకునను నమ్మకము లేని యింట నేడే తినుట తెలివిగలవాని లక్షణమే గదా!

భూమి కొలత తెలిసినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. గొలుసు వేసి పొలము విస్తీర్ణము కొలువవచ్చును; అరువదియారడుగుల గొలుసు, నూరు లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరము. దానిలో వాదము లేదు. తరము నిర్ణయించుట అట్లు కాదు. మట్టిని చేతబట్టి చూడవలెను, పంటను చూడవలెను, నీటివసతిని చూడవలెను. అదే మట్టికి కాలువ పారినచో మాగాణి, పారనిచో మెట్ట. కాలువ త్రవ్వకుండ మెట్టను చూచి ఇది తక్కువ తరమని నిందించువానిని రైతు నవ్వును. మరియు గొలుసు సైతము వాడగా వాడగా సాగును గనుక దానిని అప్పుడప్పుడు ప్రమాణముతో సరిచూడవలెనని సర్వే నియమము. మనస్సులను కొలుచు గొలుసులను సరిచూచుచున్నది ఎవరో వానిని అమ్మువారు చెప్పవలెను.

2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమంది విద్యార్థులు, అంతకు మించియే, ప్రాణములు తీసికొనిరి. మార్కుల నమోదులో పొరపాట్లు దొరలినట్లును అప్పుడు బయటపడెను. అట్టి సమయములందు, ఈ కాలపు పిల్లలకు మనోనిబ్బరము లేదు, భావోద్వేగ ప్రజ్ఞ నేర్పవలెను అను మాట వెంటనే వినబడును. నేర్పవలసినదే. అయితే పెద్దలు పెట్టిన బరువును దాచి, మోయలేని భుజమునే తప్పుపట్టుటకు ఈ కొత్త మాట సాధనము కారాదు. మార్కుల అంకె ఒక బిడ్డను క్రుంగదీసినచో, నిబ్బరపు అంకె మరియొక బిడ్డను క్రుంగదీయును. అప్పుడు మందే రోగమగును. పదునారేండ్ల బిడ్డ కాగితముపై ‘తక్కువ’ యని చూచుకొనుటయే కౌటిల్యుడు చెప్పిన నీటిలో విషము.

కావున ఇట్టి పరీక్షను ఏరివేయుటకు వాడరాదు. బినే తలంచినట్లు, ఎక్కడ చేయూత కావలెనో తెలిసికొనుటకు వాడవచ్చును. ఫలితమును పదిమందిలో చదువరాదు. ఒక్కసారి వచ్చిన అంకెను జాతకమువలె దాచుకొనరాదు. జాతకము కంటె ఇది మేలేమన, దీనిని మార్చుకొనవచ్చును. 2011లో డర్లక్ మొదలగువారు 213 శిక్షణ కార్యక్రమములను, వానిలోని రెండు లక్షల డెబ్బదివేల మంది విద్యార్థులను లెక్కలోనికి తీసికొని, కోపతాపములను గుర్తించుట, తగవులు తీర్చుకొనుట నేర్పిన బడులలో పిల్లల నడవడితోపాటు చదువును మెరుగైనదని చూపిరి. బయటినుండి వచ్చిన నిపుణుల కంటె సొంత పంతుళ్లు నేర్పినచోట ఫలితము తగ్గలేదు. చదువుతో దీనికిగల సంబంధమును 2020లో మక్కాన్ మొదలగువారు నలువదిరెండువేల విద్యార్థుల లెక్కలు కూర్చి చూచిరి. సంబంధము కలదు, కాని కొద్దిపాటిది. పనిపెట్టి చూచిన పరీక్షలలో ఎక్కువ, స్వయముగా చెప్పుకొన్నదానిలో తక్కువ. నూరు అని చెప్పి అమ్మువాని కంటె ఇరువది అని చెప్పు శాస్త్రజ్ఞుడు మేలు.

గ్రంథాలయ సభ గనుక చివరకు పుస్తకముల మాట యొకటి. 2013లో అమెరికాలో కిడ్, కస్టానో అనువారు, మంచి కథను కొన్ని నిమిషములు చదివిన వెంటనే కన్నులు మాత్రమే చూపు ముప్పదియారు చిత్రములనుండి మనోభావములను గుర్తించు శక్తి పెరిగినదని ప్రకటించిరి. గ్రంథాలయములవారు పండుగ చేసికొనిరి. 2016లో ఇతరులు అదే ప్రయోగము ఎక్కువమందితో మరల చేయగా ఆ ఫలితము రాలేదు. ఒక కథ చదివి లేచినంతనే ఎదుటివాని మనస్సు తెలిసిపోదు. కాని ఆ రెండవ ప్రయోగములోనే మరియొక సంగతి తేలినది. ఏండ్ల తరబడి కథలు చదివిన అలవాటుగలవారు ఆ కన్నుల చిత్రములను తక్కినవారి కంటె బాగుగా గుర్తుపట్టిరి. చదువుటవలన ఆ శక్తి వచ్చినదో, ఆ శక్తిగలవారే చదువుటకు వత్తురో ఇంకను తేలవలసియున్నది.